ఊరి అడ్రసుతో రెండు డబ్బాలు

మా మామగారు పేగు క్యాన్సర్‌తో పోయారు. మొలలేనంటూ ఏళ్లకేళ్లు పసరు మందు తాగారు. అసలు సంగతి తెలిసేసరికి చేయి దాటిపోయింది. అందుకే మా బావమరిదికి యాభై దాటగానే మలపరీక్ష చేయించాలని మా ఆవిడ పట్టుబట్టింది. అతను ఇక్కడ గల్ఫ్‌లోనే, రుసైల్‌లో ఒక గోదాములో ప్యాకింగ్ పని చేస్తాడు. శుక్రవారాలు దార్సైట్‌లోని మా ఫ్లాట్‌కు భోజనానికి వస్తాడు.

"నాకేమైందక్కా? రాళ్లు తిన్నా అరుగుతయి."

"నాయినకు గూడ అరిగినయి గదరా!"

అతను అన్నంలో ఇంకాస్త మజ్జిగ పోసుకున్నాడు. నా వైపు తిరిగాడు. "బావ ఇస్తే నేనిస్త."

నేను రిటైరైన మనిషిని. లేచిన వేళ, తిన్న కూర, నడిచిన దూరం డైరీలో రాసుకుంటాను. ఆ పరీక్ష మాత్రం నేనూ చేయించుకోలేదు. మా ఆవిడ చూసిన చూపుకు ఒప్పుకున్నాను.

క్లినిక్‌లో మలయాళీ నర్సు చెరొక చిన్న డబ్బా ఇచ్చి, పేరు రాసి తెమ్మంది. శుక్రవారం రాత్రి అతను మా దగ్గరే పడుకున్నాడు. శనివారం పొద్దున ఎవరి పని వాళ్లం ముగించాక, అతను రెండు డబ్బాలూ లాక్కున్నాడు.

"ప్యాకింగ్ నాకిడిసిపెట్టు బావా. పేర్లు గూడ నేనే రాస్త."

అతను ఊరికి పంపేందుకు కట్టిన పార్సిల్ విమానంలోంచి కిందపడ్డా పగలదని వాళ్ల రూమ్‌లో పేరు. న్యూస్‌పేపరు, థర్మకోల్, చెరొక అట్టపెట్టె, చుట్టూ గోధుమరంగు టేపు. పైన మార్కర్‌తో పెద్ద అక్షరాలు.

క్లినిక్‌లో పక్కన కూర్చున్న గోదావరి జిల్లా ఆవిడ మా ఒళ్లోని పెట్టెలు చూసింది. ఎవరింట్లోనో వంట చేస్తుందట.

"ఊరెళ్తున్నారేంటండీ? మాదీ ఓ చిన్న పొట్లం పట్టుకెళ్తారా?"

"ఇయి ఊరికి గాదమ్మా," అన్నాడు బావమరిది.

"మరి జగిత్యాల అని రాసుందిగా?"

చూస్తే రెండింటి మీదా అతని భార్య పేరు, ఊరు, మండలం, జిల్లా, ఆమె ఫోన్ నంబరు. చేయి అలవాటుకొద్దీ రాసేసింది!

నర్సు పెట్టె ఊపి చూసింది. "యే క్యా హై అంకుల్? అచార్?" ఊరగాయేమో అనుకుంది.

కత్తెరతో కష్టపడి విప్పితే లోపలి డబ్బాల మీద ఏ పేరూ లేదు.

"గట్టిగున్నది నీదే బావా," అన్నాడతను ధీమాగా. "పొద్దుగాల నీకే తిప్పలైంది గద!"

గోదావరి ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. నర్సు మాత్రం నవ్వకుండా కొత్త డబ్బాలు చేతిలో పెట్టింది.

బయటికి రాగానే అతను నడక ఆపాడు. "ఇగ నాతోని గాదు. అండ్ల ఏమన్నా ఎల్తే ఎట్ల బావా?"

"ఎల్తే జల్ది తెలుస్తది. మీ నాయినకు ఆలస్యంగ తెలిసింది."

అతను డబ్బా జేబులో వేసుకున్నాడు. ఈసారి పేర్లు నేను రాశాను, ప్యాకింగ్ లేకుండా ఇచ్చాం. నాది బాగానే ఉంది. అతనిదాంట్లో రక్తం జాడ కనబడింది. కెమెరా పెట్టి చూసి, పేగులో పాలిప్ అనే చిన్న పిలక ఉంటే అక్కడికక్కడే తీసేశారు. చూడ్డానికి ఇంకా ముదరలేదనీ, వదిలేస్తే క్యాన్సర్‌గా ముదిరేదనీ డాక్టర్ చెప్పాడు. దాన్ని డబ్బాలో పెట్టి ల్యాబ్‌కు పంపుతున్నామన్నాడు.

మత్తు పూర్తిగా దిగకుండానే అతను నా చేయి పట్టుకుని లాగాడు.

"బావా, దాని మీద నా పేరు రాసిన్రా అడుగు."