నయం కాని మనిషి సాక్ష్యం

ఉక్కు కంపెనీ పని కోసం ఉత్తరాదికి వచ్చి స్థిరపడిన మా తెలుగువాళ్ల క్రైస్తవ సంఘంలో ఆదివారం పాటలయ్యాక, వాక్యం చెప్పే ముందు, సాక్ష్యాలకు సమయం ఇచ్చేవారు. ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. లేచిన మనిషి పాచిపని చేసేదా, కంపెనీలో ఫోర్‌మనా అని చూడరు. చెబుతున్నంతసేపు పాస్టరుగారైనా సరే మధ్యలో ఆపకూడదు. మరీ సాగదీస్తే మాత్రం పాటలు నడిపించే ఆవిడ కంజిర తట్టి ఓ పల్లవి ఎత్తుకునేది, అందరూ అందుకునేవారు, చెప్పే మనిషి నోరు మూసుకుని కూర్చునేది. అదీ మా పద్ధతి. నాకు చదువు లేదు, సంతకం మాత్రం పెడతాను. నేను చెబుతుంటే మనవరాలు ఇది రాస్తోంది. ఆ పద్ధతిని పట్టుకుని నేనొక పని చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ నా నడుము నిటారుగా నిలబడుతుంది.

ఆ రోజుల్లో సాక్ష్యాలన్నీ ఒకే తీరుగా ఉండేవి. జ్వరం వచ్చింది, ప్రార్థన చేశాం, తగ్గింది. కొడుక్కి అప్రెంటిస్‌లో సీటు రాలేదు, ఉపవాసం ఉన్నాం, వచ్చింది. అడిగింది దొరకని వాళ్లు లేచేవారు కాదు. లేవొద్దని ఎవరూ చెప్పలేదు, వాళ్లే లేవరు. మా ఆయన పోయాక నేనూ అంతే. వెనక చాప మీద, గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని.

మా ఆయన కంపెనీలో ఇనుము కరిగించే ఫర్నేసు దగ్గర ఖలాసీ, మోత పనివాడు. రోజూ నిప్పు ముందు నిలబడే మనిషి కాబట్టి, బైబిల్లో ఆయనకు ఆ ముగ్గురు కుర్రాళ్ల కథంటే ఎక్కువ ఇష్టం. రాజు నిలబెట్టిన బంగారు బొమ్మకు మొక్కనందుకు వాళ్లను మండే గుండంలో పడేశారు కదా. అందరూ వాళ్లు వెంట్రుక కాలకుండా బయటికొచ్చిన ముక్క చెప్పుకుని మురిసిపోతారు. ఈయన అంతకు ముందే ఆగిపోయేవాడు. దేవుడు తప్పిస్తాడు, తప్పించకపోయినా నీ బొమ్మకు మొక్కం అని వాళ్లు రాజుతో అన్నారు. "ఆ రెండో మాట సూడే. అది అన్నాకే నిప్పులోకెల్లేరు" అనేవాడు, డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ.

ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. ఆసుపత్రిలో పెట్టారు. సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థన చేసింది. ఆయన బతకలేదు. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "నన్ను లేపినా ఆయనే, లేపకపోయినా ఆయనే. నువ్వు సంఘం మానీకు" అన్నాడు. నేను మానలేదు.

ఎనభైలు మొదలైన కొత్తలో మా పాస్టరుగారు ధన్‌బాద్ వైపు సంఘాలు కూడా చూసుకునేవారు. మాకు నెలకొకసారి దొరికేవారు. మిగతా వారాలు పెద్దలు నడిపించేవారు. వాళ్లే వాక్యం చెప్పడానికి బయటి నుంచి ఒక బ్రదర్‌ని పిలిపించారు. మల్లెపువ్వులాంటి బట్టలు, మంచి గొంతు. ప్రార్థనలో ఏడిస్తే మనకూ ఏడుపొచ్చేది. నాకూ నచ్చాడు, అబద్ధం ఎందుకు. మొదట దేవుడు రోగాలు బాగుచేస్తాడన్నాడు. అది మేము నమ్మేదే. తరవాత విశ్వాసం ఉన్నవాడికి రోగమే రాదన్నాడు. ఆ తరవాత మాత్ర మింగే నోటితో స్తోత్రం పాడకూడదన్నాడు. ఒక్కో వారం ఒక్కో మెట్టు ఎక్కించాడు, అందుకే ఎవరికీ ఎత్తు తెలియలేదు.

మా పేట భాలుబాసాలో నా గదిలో ప్రార్థన కూటం పెట్టుకున్న సాయంత్రం, గోడ మీద మా ఆయన ఫోటో చూసి ఎవరని అడిగాడు. చెప్పాను. ఆడవాళ్లందరి ముందూ మెత్తగా అన్నాడు, "అమ్మా, ఈయన పోయింది రోగంతో కాదు. అపనమ్మకంతో." నేను పోసిన టీ గ్లాసు అతని చేతిలోనే ఉంది. అయినా అది నా ఒక్కదాని మీద పడిన మాట అయితే మింగేసి ఊరుకునేదాన్నే.

మా పక్కింటావిడకు ఒక్కతే కూతురు. చిన్నప్పటి నుంచి మూర్ఛ. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన మాత్రలు పొద్దున్నా రాత్రీ వేస్తుంటే చాలా కాలంగా రాకుండా ఉంది, బడికి పోతోంది. ఒకరోజు కుళాయి దగ్గర బిందె పెట్టి ఆవిడ నవ్వుతూ చెప్పింది, పిల్ల చేత మాత్రలు మాన్పించిందట. ఈ ఆదివారం ఇద్దరూ లేచి సాక్ష్యం చెబుతారట. బ్రదర్ చెప్పమన్నాడట.

"ఆసుపత్రిలో అడిగినావా?" అన్నాను.

"ఆలనడిగితే నమ్మకం ఎక్కడుంటాది అక్కా? నువ్వు బావగారి ఇసయంలో అలగే అడిగినావు. ఏటయ్యింది?" అంది. వెంటనే నాలిక కరుచుకుంది. పిల్ల గ్లాసులు తోముతోంది. దాని చెయ్యి ఒక్కసారి ఎగిరి, గ్లాసు జారి రాళ్ల మీద పడింది. నేను చూశాను, తల్లీ చూసింది. పిల్ల మా ఇద్దరి మొహాలూ చూసి, "కుఛ్ నహీఁ హువా, మౌసీ" అంది. హిందీ బడి పిల్ల కదా, ఏమీ కాలేదు పెద్దమ్మా అంటోంది. తల్లి ఆ గ్లాసు తీసి కడిగిందే మళ్లీ కడిగింది.

నా భయం ఇదీ. మా సంఘంలో ఒకసారి నిలబడి నయమైందని సాక్ష్యం చెప్పిన మనిషి మళ్లీ మాత్ర ముట్టుకోవడానికి వీల్లేదు. ముట్టుకుంటే నమ్మకం పోగొట్టుకుందంటారు. ఆదివారం ఆ పిల్ల నోటితో ఆ మాట అనిపిస్తే, పెద్ద మూర్ఛ వచ్చి పడిపోయినా తల్లి మాత్ర వెయ్యదు.

అగ్రికో క్వార్టర్లలో ఉండే సంఘపెద్ద దగ్గరికి నడిచి వెళ్లి చెప్పాను. మంచివాడే, చెడ్డవాడు కాడు. పాస్టరుగారు వచ్చేదాకా ఓపిక పట్టమన్నాడు, ఇప్పుడు కదిలిస్తే సంఘం చీలిపోతుందన్నాడు. పాస్టరుగారు వచ్చేది ఆ పై వారం. నేను ఇంటికొచ్చి మా ఆయన ఫోటో తుడిచి, ఏం చెయ్యాలో ప్రార్థన చేసుకున్నాను. లేచేసరికి తెలిసింది. ఎవరూ ఆపకూడని చోటు ఒకటే ఉంది.

ఆదివారం పక్కింటావిడ కూతురికి ఎర్ర రిబ్బన్లు కట్టి ముందు చాప మీద కూర్చోబెట్టింది. పాటలయ్యాయి. బ్రదర్ వాళ్లవైపు చూసి చెయ్యి చాపేలోగా నేను వెనక నుంచి లేచాను. నా గొంతు గరుకు. పాటలకు పనికిరాదని అందరూ నవ్వేవారు. ఆ రోజు మైకు అక్కర్లేకుండా పోయింది.

"సంఘానికి వందనాలు. నాది నయమైన సాచ్చిం కాదు. నా పెనిమిటికి నయం అవనేదు. మీరందరూ ఉపాసముండి పార్దన సేసేరు, అయినా అవనేదు. ఆయన నమ్మకం ఎంతో నన్నడగొద్దు, ఆసుపత్రికొచ్చి సూసినోలు మీలోనే ఉన్నారు. మాత్రలు మింగినాడు, సూదులు పొడిపించుకున్నాడు. ఆ నోటితోటే పాట పాడినాడు."

బ్రదర్ కంజిర ఆవిడకు సైగ చేశాడు. ఆవిడ కదల్లేదు. ఆయనే చప్పట్లు కొట్టి పల్లవి ఎత్తుకున్నాడు. మంచి పాట, మేమంతా ఇష్టంగా పాడేదే. ఒక్కరూ అందుకోలేదు. ఆయన గొంతు ఒక్కటే హాల్లో తిరిగింది. కంజిర ఆవిడ దాన్ని ఒళ్లో బోర్లించుకుని, "సాచ్చిం ఇంకా అవనేదండి" అంది. ఆయన పాట ఆగింది.

"నిప్పులోకెల్లిన ఆ ముగ్గురూ తప్పించకపోయినా సరే అన్నారు. అది అపనమ్మకం అని ఎవురైనా అంటే నాను ఇప్పుడే కూకుంటాను" అన్నాను. ఆగాను. ఎవరూ అనలేదు. "దేవుడు నయం సేత్తాడు. నానూ నమ్ముతాను. సెయ్యకపోతే ఆయన దేవుడు కాకుండా పోడు, మనం ఆయన బిడ్డలం కాకుండా పోం. మాత్ర మాన్పించి నమ్మకం సూపించమని ఆయన ఎవుర్నీ అడగనేదు. ఇదే నా సాచ్చిం."

కూర్చున్నాను. మోకాళ్ల మీద కొంగు కప్పుకున్నాను. మగవాళ్ల వైపు నుంచి ఎవరో మెల్లగా "స్తోత్రం" అన్నారు. చూస్తే అగ్రికో పెద్ద. తరవాత ఇంకొకరు, ఇంకొకరు.

బ్రదర్ ఊరుకోలేదు. పక్కింటావిడను పేరు పెట్టి పిలిచి, ఇప్పుడు నువ్వు రా అమ్మా అన్నాడు. ఆవిడ లేచింది. పిల్ల చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఆయన వైపు చూడకుండా, "మాది ఇయ్యాల నేదండి" అని పిల్లను తీసుకుని నడవలోంచి బయటికి వెళ్లిపోయింది.

కాసేపటికి నేనూ వెనకే వెళ్లాను. హాలు పక్క కుళాయి దగ్గర ఆవిడ కొంగు ముడి విప్పుతోంది. మాత్రలు అందులోనే ఉన్నాయి.

"పారీనేదు అక్కా. మనసొప్పలేదు" అంది.

పిల్ల దోసిట్లో నీళ్లు పట్టి మాత్ర వేసుకుంది. మొహం చేదుగా పెట్టి నన్ను చూసి నవ్వింది.

పాస్టరుగారు వచ్చాక పెద్దలు బ్రదర్‌ని కూర్చోబెట్టి అడిగారు. ఆయన తన బోధ మార్చుకోనన్నాడు. ఇక మా హాల్లో వాక్యం చెప్పొద్దన్నారు. కాసిడీహ్ నుంచి వచ్చే రెండు మూడు కుటుంబాలు ఆయన వెనకే పోయాయి. అందులో నాతో కలిసి బాప్తిస్మం తీసుకున్న మనిషి కూడా ఉంది. బజారులో ఎదురైతే ముఖం తిప్పుకునేది. ఆ బాధ నాకు పోలేదు. కాని ఆ తరవాత వారం, భార్య చనిపోయిన ఒక ముసలాయన మా సంఘంలో మొదటిసారి సాక్ష్యానికి లేచాడు. ఆవిడకు నయం కాలేదనే చెప్పాడు. కంజిర ఆవిడ ఎంతసేపైనా పల్లవి ఎత్తుకోలేదు.

గర్వం మంచిది కాదని పాస్టరుగారు చెబుతుంటారు. సరే, నా లెక్క దేవుడే చూసుకుంటాడు. ఆ పిల్ల ఇప్పుడు పిల్లల తల్లి. ఆదివారం పొద్దున్నే హాలు కుళాయి దగ్గర అందరి ముందే మాత్ర వేసుకుని, లోపలికొచ్చి కంజిర అందుకుంటుంది. ఇప్పుడు మా సంఘంలో పాటలు నడిపించేది ఆ పిల్లే.