ముప్పై రెండు నాటి రబ్బరు

బేకర్స్‌ఫీల్డ్‌లో వెండెల్ స్ట్రౌడ్ అంతటి పిరికివాడు లేడన్నది ఊరంతా ఏకగ్రీవంగా ఒప్పుకున్న విషయం. అటువంటివాడు పోస్టుమాన్ ఉద్యోగం నుంచి రిటైరై, పంతొమ్మిది వందల ముప్పై రెండు నాటి ఫోర్డు కారును పందెం బండిగా మార్చడానికి పూనుకున్నాడు. వచ్చే ఆదివారం ఎల్ మిరాజ్ ఎండు సరస్సు మీద జరిగే పందెంలో దాన్ని తోలబోయేది కూతురు జొలీన్. అది తేలినప్పట్నుంచీ వెండెల్‌కు నిద్ర లేదు.

ఇంజన్‌ను ఛాసిస్‌కు, అంటే బండి చట్రానికి, పట్టి ఉంచే మౌంటింగుల దగ్గర పేచీ వచ్చింది. ఆ ఊళ్లో ఈ విషయమై ఇనుము పక్షం, రబ్బరు పక్షం అని రెండు మతాలున్నాయి. బావమరిది డార్విన్‌ది ఇనుము. వెండెల్‌ది రబ్బరు, అందులోనూ పరమ ఛాందసం: బండి ఏ ఏటిదో రబ్బరూ ఆ ఏటిదే కావాలి. పాత సామాన్ల సంతలో ఆ ఏటి రబ్బరు మౌంటింగులు సీలు విప్పని పెట్టెలో దొరికేసరికి కళ్లకద్దుకున్నాడు.

"ఆ రబ్బరు నాకంటే పెద్దది బావా! నన్నెవరైనా ఇంజన్ కింద పెడతానంటే ఊరుకుంటావా?" అన్నాడు డార్విన్.

"ఆలోచిస్తాను. అయినా ఇది ఒక్కరోజు కూడా వాడని సరుకు."

"వాడకపోతే వయసు రాదా?"

శుక్రవారం, కూతురి కంటే ముందు తనే చూడాలని, వెండెల్ ఆ రబ్బర్లే బిగించిన బండిని బాదం తోటల దారి పట్టించాడు. యాక్సిలరేటర్ తొక్కాడు. ఎడమవైపు ఏదో ఫట్‌మంది. ఇంజన్ ఆ పక్క పైకి లేచింది. లేస్తూ లేస్తూ యాక్సిలరేటర్ కడ్డీని కూడా లాక్కుపోయింది. వెండెల్ కాలు తీసేశాడు. బండి వేగం పెంచింది. తీసిన కాలు గాల్లో ఉంది, బండి తనను తానే తొక్కుకుంటోంది! బాదం చెట్లన్నీ కలిసి ఒకే గోడ అయిపోయాయి. బ్రేకు పట్టలేదు. చెయ్యి మాత్రం, యజమానిని అడక్కుండానే, తాళం తిప్పి ఇంజన్ ఆపేసింది.

వెనకాలే ఇంకో కారులో వస్తున్న జొలీన్, డార్విన్ దిగి పరుగెత్తుకొచ్చారు.

"నాన్నా! బాగానే ఉన్నావా?"

"ఉన్నట్టే ఉంది. నువ్వే చూసి చెప్పమ్మా."

విరిగిన రబ్బరు ఎండిన రొట్టెలా పొడిపొడిగా రాలింది. ఆ సీటులో జొలీన్ ఉంటే అన్న ఆలోచన రాగానే వెండెల్ బండి తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు మతం మార్చాడు, సగమే. ఇనుమైతే ఆ అదురుకు ఛాసిస్ పగులుతుందేమోనని ఇంకో భయం. కొత్త రబ్బరు వేసి, ఇంజన్ ఎడమ పక్కను బలమైన గొలుసుతో ఛాసిస్‌కు బిగించాడు. రబ్బరు తెగినా ఇంజన్ లేవకూడదు. పాతకాలపు బండిలో మెరిసే గొలుసు! తోటి ఛాందసులు ఏమంటారో అతనికి తెలుసు.

ఆదివారం పందెం ముందు బండిని తనిఖీ చేసే క్లబ్బు పెద్ద, ముసలి ఎల్డన్, బానెట్ ఎత్తి నవ్వాడు. "ఏమయ్యా వెండెల్, ఇంజన్ పారిపోతుందనా?"

"పోబోయింది. నేను అందులోనే ఉన్నాను."

ఎల్డన్ నవ్వాపి, గొలుసును రెండుసార్లు లాగి చూసి, బండిని పందెంలోకి వదిలాడు.

జొలీన్ బండి కదిలింది. దుమ్ము లేచింది. వెండెల్ కళ్లు గట్టిగా మూసుకుని మోత విన్నాడు. అది పెరిగింది, ఇంకా పెరిగింది, ఇక పగిలిపోతుందేమో అనిపించేంత పెరిగింది. చివరి జెండా దాటాక జొలీన్ కాలు తీసింది. ఇంజన్ మాట విని తగ్గింది.

"ఊపిరి తీసుకో బావా," అన్నాడు డార్విన్. "జొలీన్ చెయ్యి ఊపుతోంది. ఇంకోసారి వెళ్తుందట."