తల వంచని పెళ్ళికూతురు బొమ్మ

మా అత్తగారు పోయారు. దసరా ఊరేగింపులన్నీ అయిపోయి, బొమ్మల బట్టలు విప్పి ఉతికి ఆరేసిన మర్నాడు మంచం మీది నుంచి లేవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా "సుఖంగా వెళ్ళిపోయింది" అన్నారు. ఆవిడ సుఖంగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

పండగ రోజుల్లో కాకినాడ బీచ్‌కి వచ్చినవాళ్ళు మా బొమ్మల్ని చూసే ఉంటారు. మనిషికి రెండింతల ఎత్తున పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, డప్పుకి తగ్గట్టు గిర్రున తిరుగుతూ రోడ్డు మీద వస్తాయి. బుట్టబొమ్మలంటారు. వాటితో మీరు ఫొటో దిగి ఉంటే, ఓ మూల చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, జనాన్ని పక్కకి తోస్తున్న పొట్టి మనిషి కూడా పడి ఉంటుంది. ఆవిడే.

ఆ బొమ్మలు ఆవిడ చేతివే. వెదురుతో బుట్ట అల్లి, చింతగింజల పిండితో కాగితాలు అంటించి, ఎండాక అన్నిటికన్నా చివర కళ్ళు దిద్దేవారు. పెళ్ళికూతురు కదా, చూపు కిందికి పెట్టమని ఎవరో చెప్పారట. "దీన్ని చూడ్డానికి ఊరంతా తలెత్తుద్ది. ఇది నేలచూపులు చూస్తే ఎలాగండి?" అని ఎదురుగా చూసే కళ్ళే వేశారు.

మా ఇంట్లో బొమ్మల్ని మోసేది మగవాళ్ళే. మామగారు పోయాక పెళ్ళికూతుర్ని ఆవిడే భుజానికెత్తుకున్నారు. ఆడది బొమ్మ మొయ్యడమేంటని వీధిలో నవ్వారు. "ఇన్నాళ్ళూ పెళ్ళికూతురి లోపల మీసాలోడు ఉంటే ఎవరూ నవ్వలేదేం?" అన్నారట ఆవిడ. ఆ మాట మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆవిడకి మోకాళ్ళు పట్టేశాక నన్ను బొమ్మ లోపలికి పంపారు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. కొత్తవాళ్ళు ఇంటికొస్తే ఇప్పటికీ తలుపు చాటుకి పోతాను. నావల్ల కాదత్తయ్యా అంటే, "నువ్వెవరికి కనిపిస్తావే? ఊరు బొమ్మని చూసుకుంటుంది, నువ్వు ఊరిని చూసుకో. పైగా లోపలున్నవాళ్ళు నోరు విప్పకూడదు. నీకింతకన్నా తేలికైన పని ఎక్కడ దొరుకుద్ది?" అన్నారు.

ఊరిని చూసుకోమన్నారు గానీ, లోపల్నుంచి కనిపించేది కాస్తే. బొమ్మ నడుము దగ్గర అరచేయంత కిటికీ. అందులోంచి నేల, మనుషుల కాళ్ళు, అంతే. నా ముందు ఎప్పుడూ ఆవిడ పగుళ్ళ మడమలుండేవి. అవి ఆగితే ఆగేదాన్ని, పక్కకి జరిగితే తిరిగేదాన్ని.

కిందటేడు బీచ్ పండక్కి పిలిచారు. వెళ్ళేసరికి గేటుకి కట్టిన బ్యానరు మా బొమ్మల గడ్డాల దాకా వేలాడుతోంది. అక్కడి మేనేజరు, "బొమ్మల్ని పడుకోబెట్టి తెచ్చెయ్యండమ్మా, లోపల లేపుకోవచ్చు" అన్నాడు.

"పెళ్ళికూతుర్ని పడుకోబెట్టి మోస్తారా ఎవరైనా?"

"పోనీ, కాస్త వంచండి."

"మా బొమ్మ వంగదండి. మీ బ్యానరుకే తాళ్ళున్నాయి కదా, పైకి లాగండి."

"పెద్దవాళ్ళ ఫొటోలున్న బ్యానరమ్మా అది."

"వాళ్ళనీ కాస్త పైకెత్తినట్టుంటుంది కదండీ."

అతను ఒప్పుకోలేదు. ఆవిడ డప్పువాళ్ళకి చెయ్యి ఊపారు. గేటు బయటే ఆడాం. లోపలికి వెళ్ళాల్సిన జనం మా చుట్టూ నిలబడిపోయారు. చివరికి నిచ్చెన తెచ్చి బ్యానరు ఎత్తి కట్టారు. తలెత్తుకునే లోపలికి వెళ్ళాం.

ఈ ఏడు మళ్ళీ పిలుపు వచ్చింది. అత్తగారి చెల్లెలు, "ఏడాది తిరక్కుండా ఇంట్లోంచి డప్పు లేస్తే జనం మొహాన ఉమ్మేస్తారు" అంది. "ఆగిన బొమ్మని ఎలకలు తింటాయి" అని అత్తగారు అనే మాట గుర్తొచ్చింది నాకు. తలుపు చాటునే ఉన్నాను, కానీ వినిపించేలాగే అన్నాను. "మైల మనకండి, బొమ్మకి కాదు. దాని లోపల నేనున్నానో లేనో ఎవరికీ తెలీదు."

వెళ్ళాం. ఆవిడ పాత నూలు చీర మడతపెట్టి భుజాన వేసుకుని, దాని మీదే బొమ్మని ఎత్తుకున్నాను. గేటు దగ్గర మళ్ళీ అదే బ్యానరు, అంతే కిందికి. అదే మేనేజరు గొంతు. "పెద్దావిడ రాలేదా? హమ్మయ్య. వంచండి, వంచండి, టైమైపోతోంది."

పెళ్ళికొడుకు బొమ్మ లోపల మా ఆయన ఆగిపోయారు. కిటికీలోంచి చూశాను. ముందు ఖాళీ నేల. ఇసుక, ఎవరో పారేసిన మొక్కజొన్న పొత్తు.

నోరు విప్పకూడదు. తిరగడం మొదలుపెట్టాను. ఒక చుట్టు తిరిగేసరికి డప్పు అందుకుంది. కాసేపటికి పెళ్ళికొడుకూ కదిలాడు.

"అమ్మా, వంచమన్నాను కదా. ఈవిడకి చెవుడా ఏంటి?"

తిరుగుతూనే ఉన్నాను. కిటికీ ముందు నుంచి చెప్పులు, బూట్లు, ఇసుకంటిన చిన్న చిన్న పాదాలు పోతున్నాయి. తర్వాత పోవడం మానేసి ఆగాయి. ఒకదాని వెనక ఒకటి, కిటికీ నిండా కాళ్ళే. మేనేజరు బూట్లు కాసేపు అటూ ఇటూ తిరిగి, వెళ్ళిపోయాయి.

ఇంకో చుట్టు తిరిగి గేటు వైపు వచ్చేసరికి, ఆవిడ మడమలు ఉండాల్సిన చోట, ఇసుకలోకి కాస్త దిగి, ఒక నిచ్చెన కాళ్ళు ఆని ఉన్నాయి.