సిరంజి గోడకంటిన మీగడ

ఆ ఆసుపత్రి పాలగదిలో పనిచేసే ఆవిడను అందరూ మీగడమ్మ అనే పిలుస్తారు. సీసాలు కడగడానికి చేరి ఇరవై రెండేళ్లయింది. తల్లులు పిండి తెచ్చిన పాలను గోరువెచ్చని నీళ్లలో నిలిపి, సీసాను కుదపకుండా మెల్లగా తిప్పుతుంది. పైకి తేలిన మీగడ మళ్లీ పాలలో కలిసేదాకా, ఎంత పెద్ద డాక్టరు తొందరపెట్టినా చెయ్యి దాటనివ్వదు.

మోకాలి నొప్పితో ఆవిడ ఆరు రోజులు సెలవు పెట్టింది. ఆ ఆరు రోజులూ ఒక చంటిదాని బరువు కిలో రెండువందల దగ్గర మొరాయించి కూర్చుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. పంపుకు బిగించిన సిరంజిలోంచి, ముక్కు గుండా పొట్టలోకి వేసిన సన్నటి గొట్టంలో, గంటసేపు చుక్కచుక్కగా పాలు వెళ్లేవి. ఆరో రోజున, రేపటికీ పెరగకపోతే డబ్బాపాలు కలుపుదామన్నాడు డాక్టరు.

తల్లి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మనిషి. తల్లిపాలలోని కొవ్వు ఒంటికి పట్టడానికి మాత్రమే కాదనీ, మెదడూ కళ్లూ ఎదగడానికి అందులో ముడిసరుకు ఉందనీ, అది అరిగేటప్పుడు విడివడే ఆమ్లాలు పేగులో కొన్ని క్రిములను అణచగలవనీ ఆమెకు తెలుసు. తెలిసినకొద్దీ భయమే ఎక్కువైంది. తప్పంతా తన పాలదేనని లోలోపల కుమిలిపోయింది.

ఏడో రోజు పొద్దున్నే మీగడమ్మ కుంటుకుంటూ వచ్చింది. పాలయిపోయిన సిరంజిని విప్పి కిటికీ వెలుతురుకు పట్టింది.

“ఇటు రా తల్లీ. ఇదేంటి?”

లోపలి గోడ చుట్టూ జిడ్డు పొర.

“కొవ్వండీ.”

“పిల్ల పొట్టలో ఉండాల్సింది ఇక్కడుందేం? నేను లేనప్పుడు తెచ్చిన కొత్త పంపుకి సిరంజి మూతి కిందికి పెట్టి బిగించారు. పల్చటి పాలు ముందు పోయాయి, మీగడ పైనే చిక్కుకుంది. ఇంత చదివావు, పాలగిన్నె ఎప్పుడూ తోమలేదా?”

“మా ఇంట్లో ఆయన తోముతారండీ.”

“మరి ఆయన్నే అడగాల్సింది.”

నీటి మీద కొవ్వు తేలుతుందని ఎనిమిదేళ్లుగా పాఠం చెబుతున్న మనిషి, ఆరు రోజులు ఆ సిరంజి పక్కనే నిలబడి కూడా గమనించలేకపోయింది. సిగ్గుతో తల దించుకుంది. మీగడమ్మ అప్పటికే డాక్టరు ముందుంది.

“బాబూ, డబ్బా మూత తీసేముందు ఇది చూడండి.”

డాక్టరు సిరంజిని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తానే వెళ్లి, మీగడే ముందు పోయేందుకు సిరంజి మూతి పైకి ఉండేలా పంపును తిప్పి బిగించాడు.

“నాలుగు రోజులు చూద్దాం. డబ్బా అప్పటిదాకా వద్దు.”

మొదటి రోజు పెరిగింది ఎనిమిది గ్రాములే. తల్లికి ముద్ద దిగలేదు. నాలుగో రోజు తూకం కిలో రెండువందల మీద డెబ్బై గ్రాములు ఎక్కువ చూపించింది. నర్సు రెండుసార్లు తూచింది. తల్లి గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

మీగడమ్మ ఖాళీ సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

“తర్వాత ఏడుద్దువుగానీ. ముందు పాలు తియ్యి, దాని ఆకలి పెరిగింది.”