నాయన చదవని పుటలు

మా నాయన పుస్తకం చదువుతుంటే అందులో ఎవరూ చచ్చేవారు కాదు. విడపనకల్లు దగ్గర మా పల్లెలో, సాయంత్రం పూట మా ఇంటి అరుగు మీద లాంతరు పెట్టుకుని ఆయన కథో నవలో గట్టిగా చదివేవాడు. చుట్టుపక్కలవాళ్లు చేరేవారు. యాభైల్లో మా ఊరికి అంతకు మించిన కాలక్షేపం లేదు. కథలో ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చిందంటే చాలు, నాయనకు దగ్గు వచ్చేది. పుస్తకం మూసేసేవాడు. మర్నాడు చదువు మొదలయ్యేసరికి ఆ మనిషి ఉండేవాడు కాదు. అతని కొడుకు అస్థికలు కలపడానికి కాశీకి బయల్దేరి ఉండేవాడు.

"నిన్న మంచంలో ఉన్నోడు ఏమైనాడన్నా?" అని ఎవరో ఒకరు అడిగేవారు.

"పోయినాడు."

"ఎట్ల పోయినాడు?"

"అదంతా ఈడ రాయలేదప్పా."

నేను నమ్మాను. రాసేవాళ్లకు చావు గురించి రాయడం చేతకాదేమో అనుకున్నాను. నాకు చదువు వచ్చాక ఆ పుస్తకాలే తెరిచి చూస్తే ఒక్కో చావు ఆరేడు పుటలు! గుండెలో బాణం దిగినవాడు పద్యం మీద పద్యం అందుకుంటాడు. క్షయ రోగి ఒక్కసారి కూడా దగ్గకుండా ప్రేమ మీద ఉపన్యాసం ఇస్తాడు. ఎవరికీ నోరు ఎండదు, ఎవరి మీదా ఈగలు వాలవు. దీపం మాత్రం తప్పకుండా రెపరెపలాడుతుంది. మా ఊళ్లో జనం ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా పోతుంటారు. అప్పుడు ఏ దీపం ఆరుతుందో ఆ మహానుభావులే చెప్పాలి.

ఇంత బడాయి చావులకు నాయన ఎందుకు జంకుతాడో అర్థం కాలేదు. ఒకరోజు నిలదీశాను. అప్పటికి నేను భర్త పోయి పుట్టింటికి వచ్చేశాను. ఇంట్లో మేమిద్దరమే.

"మీ యమ్మ పోయిన పొద్దు నేను పశువుల మేతకని బళ్లారి పక్క పోయింటి. చంటిబిడ్డవు, నిన్ను మీ అవ్వ వాళ్లూరికి ఎత్తుకపోయింది. ఇంట్లో ఆమె ఒక్కతే. పుస్తకాల్లో పొయ్యేటోళ్ల చుట్టూ ఊరంతా ఉంటాది పాపా. ఆ పుట వస్తే నాకు ఆమె కానొస్తాది." పుస్తకం పక్కన పెట్టి, "నన్ను మాత్రం ఒక్కణ్ణే ఇడిచిపెట్టాకు," అన్నాడు.

"ఎందుకు ఇడిచిపెడతా నాయనా?" అన్నాను. అంత తేలిగ్గా అనేశాను.

అరవైల్లో వానలు వరసగా ఎగ్గొట్టిన కాలంలో ఆయన మంచం పట్టాడు. ఎద్దులను అమ్మేశాం. ఊరు సగం కూలికని వలస పోయింది. ఒక ఉదయం ఆయనకు ఎగశ్వాస మొదలైంది. మా చిన్నాయన పోయి పంచాంగం చూపించుకుని వచ్చాడు. ఆ రోజు నక్షత్రం మంచిది కాదట. అలాంటి నక్షత్రంలో ఇంట్లో ప్రాణం పోతే ఇల్లు పాడుపెట్టాలి, అంటే ఆరు నెలలు తాళం వేసి బయట బతకాలి. అందుకని పోయేలా ఉన్న మనిషిని ముందే ఇంట్లోంచి బయటికి మోస్తారు. మా వైపు అది మామూలే.

"నాయన ఆయన గదిలోనే ఉంటాడు," అన్నాను.

"సరే, ఉండనీ. రేపు నువ్వు యాడుంటావు? మొగుడు లేనిదానివి, నీకు నీడ ఇదొక్కటే. నీ కోసమే చెప్తాండా," అన్నాడు చిన్నాయన. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

మంచం ఎత్తి, ఖాళీగా ఉన్న ఎద్దుల కొట్టంలో దించారు. గడప దాటేటప్పుడు నాయన తల తిప్పి ఇంటిని చూశాడు. ఆ పంచాంగం నా చేతికి దొరికుంటే పొయ్యిలో పెట్టేదాన్ని. చిన్నాయన బంధువులకు కబురు చెప్పడానికి సైకిలెక్కి వెళ్లాడు. ఊళ్లో మిగిలినవాళ్లు నక్షత్రానికి జడిసి వీధిలోంచే చూసి పోయారు. పక్కింటి దూదేకుల అవ్వ మాత్రం లోపలికి వచ్చి కూర్చుంది. పరుపులు కుట్టుకుని బతికే సాయిబుల ఇంటి ముసలావిడ. మా నక్షత్రాలతో ఆమెకు పని లేదు.

నాయన సైగ చేశాడు. పుస్తకం కావాలట. "ఆ పుట చదువు," అన్నాడు. ఏ పుటో నాకు తెలుసు. చదివాను. జమీందారు పోతున్నాడు. భార్య తల దగ్గర, కొడుకులు కాళ్ల దగ్గర, వాకిట్లో రైతులు. నాయన కళ్లు మూసుకుని విన్నాడు.

"సూడు, వానికాడ ఎంతమంది ఉండారో," అన్నాడు. తర్వాత, "నీళ్లు," అన్నాడు.

కుండలో చుక్క లేదు. అవ్వ ఇంట్లోనూ అంతే. బావి ఎప్పుడో ఎండిపోయింది. ఊరి బయట వంకలో ఇసుక తవ్వి, చెలమలో ఊరిన నీళ్లు ముంతతో తోడుకోవాలి. అవ్వ తాను తెస్తానంది గానీ వంక దిగే మోకాళ్లు కావు ఆమెవి. పైగా పోయేవాళ్ల నోట్లో నీళ్లు పోయాల్సింది కన్నబిడ్డ.

"నేను కూచోనుంటా. నువ్వు పో పాపా," అంది.

ఎంత తొందర ఉన్నా చెలమ నీళ్లు మనం చెప్పినట్టు ఊరవు. ముంత ముంచితే సగం ఇసుక. తేటపడేదాకా ఆగాలి. మనిషన్నవాడు లేని ఆ వంకలో కూర్చుని గట్టిగా ఏడ్చాను. నేను చదివిన ఏ నవలలోనూ ఎవరూ అలా నీళ్లు ఊరడం కోసం కాచుకుని కూర్చోలేదు.

నేను తిరిగి వచ్చేసరికి అవ్వ నాయన చేయి పట్టుకుని ఉంది. నన్ను చూసినా వదల్లేదు.

"పోయినాడు పాపా."

నీళ్లు నోట్లో పోశాను. పెదవుల పక్కనుంచి కారిపోయాయి. ఏమైనా అన్నాడా అని అడిగాను.

"కండ్లు తెరవకుండానే 'పాపా' అన్నాడు. నిన్నే పిలిచినాడు. నేనేం చేసేది? 'ఊఁ, నాయనా' అన్నా. గొంతు తెలిసిపోతాదేమో అని మెల్లగా అన్నా. ఇంకోసారి పిలిచినాడు. మళ్లా ఊఁ అన్నా. చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అంతే."

ఇల్లు పాడుపెట్టే పని పడలేదు. చిన్నాయన అన్నది నిజమే, ఈ నీడలోనే ఇన్నేళ్లూ బతికాను. తర్వాత ఆయనా పోయాడు, అవ్వా పోయింది. ఇప్పటికీ సాయంత్రం అరుగు మీద కూర్చుని గట్టిగా చదువుతాను. వినేవాళ్లు లేరు. చచ్చే పుట వచ్చినా ఆపను. చావంటే జనానికి ఎందుకంత భయమో ఆ పుటల్లో నాకు దొరకలేదు. నా సంగతి మాత్రం చెప్పగలను. ఆఖరున నేనూ 'నాయనా' అనే పిలుస్తాను. ఊఁ అనడానికి పక్కన ఎవరూ ఉండరేమోనని నా భయం.