పదకొండో పేజీలో తప్పు

తనిఖీ రిపోర్టు ముసాయిదా వచ్చిందంటే చాలు, గ్లెనిస్ నుదుటి మీది కళ్లజోడు ముక్కు మీదికి దిగుతుంది, చెవి మీది ఎర్ర పెన్సిలు చేతిలోకొస్తుంది. ఇంగ్లండులోని లాంకషైర్‌లో ఒక వృద్ధాశ్రమాన్ని పన్నెండేళ్లుగా నడుపుతున్న మనిషి. తప్పులుంటే చెప్పుకోడానికి పదిరోజులు గడువిస్తారు. ఆవిడ నాలుగోరోజుకే రుజువులతో సహా పంపేస్తుంది. మంచాలు ముప్పైరెండు కాదు, ఇరవై ఎనిమిది. మందుల బీరువాకి తాళం ఉంది, ఇదిగో ఫొటో. తప్పు దొరికినప్పుడల్లా చల్లారిపోయిన టీ ఒక గుక్క తాగి, "ఊఁ" అంటుంది.

ఈసారి పదకొండో పేజీలో పెన్సిలు ఆగింది. 'మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడతో రెండుగంటలపాటు ఎవరూ మాట్లాడలేదు.'

"పచ్చి అబద్ధం! కొట్టిపారెయ్ గ్లెనిస్," అంది నర్సు మోయిరా. దినచర్య పుస్తకం తీసి చూస్తే ఆ పెద్దావిడ పేరుకెదురుగా ఆ మధ్యాహ్నం గడి ఖాళీగా ఉంది. గ్లెనిస్ లేచి కిటికీ దగ్గరికే వెళ్లింది.

"హెస్టర్ గారూ, తనిఖీ జరిగిన రోజు మీతో ఎవరైనా మాట్లాడారా?"

"ఎందుకు మాట్లాడలేదూ! ఆ తనిఖీకొచ్చిన పిల్లే. మా ఆయన పందెం పావురాల గురించి చెబుతుంటే ఎంతసేపు విందో!"

అంటే రిపోర్టులో రాసింది తప్పే. సాక్షి ఎదురుగానే ఉంది. గ్లెనిస్ పెన్సిలు మళ్లీ చెవి మీద పెట్టుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"పావురాలా? నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వెప్పుడు కూర్చున్నావు గనకమ్మా?"