ఖాజా భాయ్ దుకాణానికి వచ్చిన ఫోను

“లిల్లీలు వాడినట్టున్నయి. చామంతి తేవాల్నా?”

“తే. రేకులు ఊడనియి చూసి తే.”

మా ఆయనా నేనూ ఆఖరుగా మాట్లాడుకున్నవి ఈ రెండు మాటలే. ఆయన గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో ఉన్నాడు. నేను శాలిబండలో మా పూల కొట్టు ముందు ఊడుస్తున్నాను. గంట తర్వాత ఎవరో ఆయన ఫోను నుంచే చేసి, మనిషి చామంతి రాశి పక్కన కూలిపోయాడని చెప్పారు.

దయ్యాల సంగతి ముందే చెప్తాను. నాకు నమ్మకం లేదు. ముప్పై ఏళ్లుగా గుళ్లకూ పెళ్లిళ్లకూ చావులకూ దండలు కట్టాను. చచ్చినవాళ్లు తిరిగొచ్చేదే ఉంటే, దండ పలచగా కట్టావని నాతో లొల్లి పెట్టుకోవడానికి ఒక్కరైనా వచ్చేవారు. ఎవరూ రాలేదు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే మా చెల్లెలి కూతురు సరిత రాస్తోంది.

నాది బటన్ ఫోను, ఆయనది పెద్ద ఫోను. మాట్లాడిన ప్రతి కాల్ కూడా అందులో దానంతట అదే రికార్డయ్యేలా సరితే ఎప్పుడో పెట్టిందట. పదోరోజు అయిపోయాక గుర్తొచ్చి చెప్పింది. అంటే ఆయన గొంతు అందులో ఉంది. ఇంకెక్కడా లేదు. కానీ లాకు తీయాలంటే తొమ్మిది చుక్కల మీద వేలితో ఒక గీత గీయాలి. ఆ గీత ఆయన ఎవరికీ చూపలేదు. సరిత రెండుసార్లు ఊహించి గీసింది, తెరుచుకోలేదు. ఇంకా గీస్తే అన్నీ చెరిగిపోతాయేమోనని భయపడి ఆపేసింది.

ఇది చాలదన్నట్టు నేనొక తప్పు చేశాను. ఆ ఫోను ఆయన పటం ముందు పెట్టి, రోజూ చార్జింగు పెట్టేదాన్ని. ఒక పొద్దున ఏవో అక్షరాలు వచ్చి, కింద పచ్చ గుర్తు వెలిగింది. పచ్చది నొక్కితే ఫోను ఎత్తినట్టని నాకు నేర్పింది ఆయనే. ఎవరో చేస్తున్నారనుకుని నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని హలో హలో అన్నాను కూడా. అది కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించమంటారా అని అడిగే పచ్చదట. సగం ఎక్కేసరికి కరెంటు పోయింది. పాత బ్యాటరీ, ఫోనూ ఆరిపోయింది. ఇక ఎన్నిసార్లు వెలిగించినా కంపెనీ బొమ్మ దాకా వచ్చి ఆరిపోయేది.

మొగల్‌పురాలో రిపేరు దుకాణం పెట్టుకున్న ఖాజా భాయ్ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆయన చూసి, “రెండు రాస్తాలున్నయమ్మా. అంతా తుడిచి ఎక్కిస్తే లాక్ పోతది, రికార్డులు గూడ పోతయి. పాతది ముట్టకుండ ఎక్కిస్తే అన్నీ ఉంటయి, లాక్ గూడ ఉంటది. గీత మీరే చెప్పాలె,” అన్నాడు. రెండోదే చేయమన్నాను. సరిత పేరు మీద చీటీ రాసిచ్చాడు. దాన్ని నడుము సంచిలో దోపుకున్నాను.

మూడోరోజు వెళ్లేసరికి ఫోను బల్ల మీద లాకు తెరుచుకుని ఉంది. ఖాజా భాయ్ నా మీదే చిన్నగా విసుక్కున్నాడు. గీత తెలిసి కూడా మొదటిరోజే ఎందుకు చెప్పలేదన్నాడు.

ముందురోజు పొద్దున పదకొండింటికి దుకాణం ల్యాండ్‌లైను మోగిందట. “నర్సింగ్ ఫోను మీ తాన్నే ఉన్నది గదా, రాసుకో,” అని ఆడమనిషి గొంతు. పై వరుసలో కుడి చుక్క నుంచి మొదలుపెట్టి నడిమి చుక్కకు రమ్మంది. అక్కడ రెండు పువ్వుల మధ్య దారం మలిపినట్టు ఎడమకు మలిపి, కిందికి గుంజమంది. ఆయన ఒక కవరు మీద గీసుకున్నాడు. అలాగే గీస్తే తెరుచుకుంది.

“నా గొంతేనా?” అని అడిగాను.

“రంపం కోసినట్టు ఈ గొంతు ఇంకెవలకుంటది? ఏమనుకోకమ్మా.”

ఆ పదకొండింటికి నేను పక్క గల్లీలో పెళ్లివాళ్ల ఇంట్లో దండలు కడుతున్నాను. పక్కన ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు. తర్వాత వాళ్లను అడిగాను, నేను కూర్చున్నచోటు నుంచి లేవలేదన్నారు. ఫోను నా ఒడిలోనే ఉంది. సరిత అందులో చూసింది, దుకాణానికి కాల్ పోనే లేదు. దుకాణం నంబరు చీటీ మీద ఉంది గానీ నేను చదవలేను.

ఇంకో సంగతి. మా ఆయన పేరు ఇక్కడ సరిత రాసింది. నేను ఎన్నడూ పలకలేదు. మా ఇళ్లలో ఆడవాళ్లం మొగుడి పేరు పలకం. రేషను దుకాణంలో అడిగినా పక్కవాళ్లతో చెప్పించేదాన్ని. ఖాజా భాయ్‌కి ఆ పేరు మేం చెప్పనే లేదు.

మా ఆయనది ఎడమచేతి వాటం. ఆ గీత పోయినట్టే దండ కుడి నుంచి కట్టేవాడు. నేను అలా ఎప్పుడూ కట్టలేదు.

ఊరుకోలేక అక్కడే పరీక్ష పెట్టాను. ఖాజా భాయ్‌ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టాం. బయట నుంచి సరిత ఫోనుతో ల్యాండ్‌లైనుకు చేసి, మొదట సరిత, తర్వాత చాయ్ బండి ఆమె, చివర దగ్గుకుంటూ నేను అదే మాట అన్నాం, పేరు మాత్రం వదిలేసి. “మూడోది,” అన్నాడు. “నిన్న దగ్గు లేకుండె, అంతే ఫరక్.”

దుకాణం మెట్టు మీదే కూర్చుని రికార్డులు విన్నాం. మల్లె మొగ్గలు చిన్నగున్నాయంటాడు. ఆటో దొరకలేదంటాడు. కొట్టు తెరిచావా అని కసురుతాడు. వందల కాల్స్ ఉన్నాయి. సరిత ఇంకో రెండుచోట్ల దాచింది. ఇప్పుడు పొద్దున ఊడ్చేటప్పుడు రోజూ ఒకటి పెట్టించుకుంటాను. అది దక్కింది, చాలు.

దక్కింది గానీ, చెప్పిందెవరో తెలియలేదు. ఖాజా భాయ్ ఏదో తెలివి చేసి లాకు తీసి, కథ అల్లాడని సరిత అంటుంది. మరి పేరెలా తెలుసు? ఆయనే వచ్చాడందామా, నా గొంతు ఆయనకెందుకు? నేనే చెప్పానందామా, ఆ గీత నేనెప్పుడు చూశాను? దారం పట్టుకున్న ప్రతిసారీ ఇదే ఆలోచిస్తాను. ఎటూ తెగదు.

“సరితా, ఇగ సదువు బిడ్డా. ఆయన వచ్చి చెప్పిండని నేననలే. నువ్వు గట్ల రాస్తే కొట్టెయ్. నా గొంతు ఆ దుకాణం దాక పోయిందని అన్న, గంతే. మెల్లగ సదువు, వింట.”